లేదు వేరు, తెలియదు వేరు: కాష్‌లో నల్ తెచ్చే చిక్కు

ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునే ఒక యాప్‌కు సర్వర్ వైపు కోడ్ రాసే టీమ్‌లో కొన్నాళ్లు పనిచేశాను. కస్టమర్ చెకౌట్ పేజీ తెరిచిన ప్రతిసారీ, అతని పేరు మీద కూపన్ ఏదైనా ఉందేమో డేటాబేస్‌ను అడిగేవాళ్లం. సాయంత్రం ఏడు దాటితే రద్దీ. డేటాబేస్ ఆయాసపడేది. కూపన్లు నిమిషానికోసారి మారేవి కావు కాబట్టి మధ్యలో ఒక కాష్ పెడితే సరిపోతుందనుకున్నాం. ఫోన్ సెట్టింగుల్లో 'కాష్‌ను క్లియర్ చేయి' అని కనిపిస్తుందే, అదే కాష్. ఒకసారి తెచ్చుకున్న జవాబును మెమరీలో దగ్గరగా పెట్టుకుని, మళ్లీ అడిగితే అక్కడి నుంచే ఇవ్వడం. కోడ్ పది లైన్లు కూడా లేదు. టెస్టులన్నీ పాసయ్యాయి. తీరా ప్రొడక్షన్‌లోకి (నిజమైన కస్టమర్లు వాడే చోటికి) వెళ్లాక చూస్తే డేటాబేస్ మీద భారం దాదాపు ఎప్పటిలాగే ఉంది.

ఆ కోడ్ ఇలా ఉండేది. అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనే రాస్తున్నాను. గెట్ అంటే కాష్‌లోంచి తీసుకోవడం, పుట్ అంటే అందులో పెట్టడం, నల్ అంటే 'విలువేమీ లేదు' అనే గుర్తు:

కూపన్ = కాష్.గెట్(కస్టమర్_ఐడీ)
కూపన్ == నల్ అయితే:
    కూపన్ = డేటాబేస్.వెతుకు(కస్టమర్_ఐడీ)
    కాష్.పుట్(కస్టమర్_ఐడీ, కూపన్)
కూపన్ తిరిగి ఇవ్వు

పైపైన చదివితే తప్పేమీ కనిపించదు. కూపన్ ఉన్న కస్టమర్ విషయంలో చక్కగా పనిచేస్తుంది కూడా. కానీ కస్టమర్లలో ఎక్కువమందికి కూపన్ ఉండదు. అలాంటివాళ్లు వచ్చినప్పుడు గెట్ నల్ ఇస్తుంది. డేటాబేస్ దాకా వెళ్తాం. అక్కడా ఏమీ దొరకదు, నల్‌తో తిరిగొస్తాం. ఆ నల్‌నే కాష్‌లో పెడతాం. ఐదు నిమిషాల తర్వాత అదే మనిషి మళ్లీ వస్తాడు. గెట్ మళ్లీ నల్ ఇస్తుంది. ఈసారి వచ్చిన నల్ మనం దాచుకున్నదే, అది సరైన జవాబే. కానీ రెండో లైను ఆ తేడా పట్టలేదు. 'కాష్‌లో ఏమీ లేదు' అనుకుని మళ్లీ డేటాబేస్‌కు పరిగెత్తుతుంది. పదిసార్లు వస్తే పదిసార్లూ అంతే. ఎక్కువమంది అడిగే ప్రశ్నకు, ఎక్కువసార్లు వచ్చే జవాబుకు, మా కాష్ అసలు లేనట్టే లెక్క.

టెస్టులు ఎందుకు పాసయ్యాయంటే, కోడ్ ఇచ్చిన జవాబు ఎప్పుడూ తప్పు కాదు. కూపన్ లేనివాడికి లేదనే చెప్పింది. తప్పల్లా ఆ జవాబు కోసం పడ్డ శ్రమలో ఉంది, మా టెస్టులు ఆ శ్రమను కొలవలేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగులో మనకు రెండు మంచి మాటలున్నాయి. కిరాణా కొట్టుకు వెళ్లి 'నువ్వుల నూనె ఉందా?' అని అడిగామనుకోండి. కుర్రాడు 'లేదండీ' అంటే అది జవాబు. మనం పక్క కొట్టుకు వెళ్లిపోతాం. 'తెలీదండీ, చూసొస్తాను' అంటే అది జవాబు కాదు, జవాబు కోసం లోపలి గదిలోకి వెళ్లాలన్నమాట. మా కాష్ ఎలాంటి కుర్రాడంటే, లోపలికి వెళ్లి చూసి 'లేదు' అని తెలుసుకుని వస్తాడు, మరుక్షణంలో ఇంకొకరు అదే నూనె అడిగితే మళ్లీ లోపలికే వెళ్తాడు. అతనికి 'లేదు' అన్నదీ 'తెలియదు' అన్నదీ ఒకటే. ఎందుకంటే ఆ రెంటికీ మేం ఇచ్చిన గుర్తు ఒకటే: నల్.

నల్ అనే ఈ గుర్తును ప్రోగ్రామింగ్ భాషలోకి తెచ్చింది టోనీ హోర్. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం రిఫరెన్సుల (డేటా ఎక్కడుందో చూపే గుర్తుల) పద్ధతిని రూపొందిస్తూ, అమలు చేయడం మరీ తేలికగా ఉందన్న ఒక్క కారణంతో దాన్ని చేర్చేశానని, ఆ ఆశను ఆపుకోలేకపోయానని 2009లో లండన్‌లో జరిగిన ఒక సదస్సులో ఆయనే చెప్పారు. దాన్ని తన 'వంద కోట్ల డాలర్ల పొరపాటు' అన్నారు. ఆయన మాట్లాడింది ముఖ్యంగా నల్ వల్ల కూలిపోయే ప్రోగ్రాముల గురించి. కాష్‌లో నల్ చేసే నష్టం అలా కాదు. ఇక్కడ ఏదీ కూలదు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క లైనూ పడదు. అందుకే నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది.

జావా భాష ఈ చిక్కుకు ఒకే ఇంట్లో రెండు రకాల జవాబులు ఇచ్చింది. కీ, దానికో వాల్యూ (విలువ) అని జతలుగా దాచుకునే హ్యాష్‌మ్యాప్‌లో నల్‌ను వాల్యూగా పెట్టుకోవచ్చు. గెట్ నల్ ఇస్తే, అది మనం దాచిన నలేనా, లేక ఆ కీయే అక్కడ లేదా అన్నది తేల్చుకోవడానికి కంటైన్స్‌కీ అనే మెథడ్‌ను విడిగా అడగాలి. 2004లో జావా 5తో వచ్చిన కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ మాత్రం నల్‌ను గుమ్మంలోనే ఆపేస్తుంది. పుట్‌లో నల్ ఇస్తే నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్ (పనిని అక్కడే ఆపేసే ఎర్రర్) విసురుతుంది. చాలామందికి ఇది మొండిపట్టులా అనిపిస్తుంది. దాని రచయిత డగ్ లీ చెప్పిన కారణం వింటే అది ఎంత ఆలోచించి తీసుకున్న నిర్ణయమో తెలుస్తుంది. ఒక్క థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒక వరసగా నడిచే పని) ఉన్నప్పుడు ముందు గెట్ అడిగి, నల్ వస్తే తర్వాత కంటైన్స్‌కీ అడిగితే సరిపోతుంది. అనేక థ్రెడ్లు ఒకేసారి అదే మ్యాప్‌ను వాడుతున్నప్పుడు ఆ రెండు ప్రశ్నల మధ్య ఉన్న రవ్వంత వ్యవధిలో ఇంకో థ్రెడ్ ఆ కీని తీసేయవచ్చు, పెట్టేయవచ్చు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు ఒక క్షణానిది, రెండోది మరో క్షణానిది. రెంటినీ కలిపి చదివితే వచ్చే అర్థం ఏ క్షణానికీ నిజం కాకపోవచ్చు. కాబట్టి 'ఉందా లేదా', 'ఉంటే ఎంత' అన్న రెండూ ఒకే ప్రశ్నలో, ఒకే జవాబులో రావాలి. నల్‌ను నిషేధిస్తే గెట్ ఇచ్చే నల్‌కు ఒకే అర్థం మిగులుతుంది: ఆ కీ లేదు.

ఈ నిషేధాన్ని పట్టించుకోకుండా పనిచేసేవాళ్లకు ఇంకో గుంట ఎదురవుతుంది. అది కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్. కీ లేకపోతే ఈ ఫంక్షన్ నడిపి, వచ్చినదాన్ని పెట్టి, అదే ఇవ్వు అని చెప్పే సదుపాయం. కాష్ కోసమే పుట్టినట్టుంటుంది. కానీ ఫంక్షన్ నల్ ఇస్తే అది ఏమీ పెట్టదు. మళ్లీ అడిగితే మళ్లీ ఫంక్షన్ నడుస్తుంది. అంతటితో ఆగదు. ఒకే కీ కోసం వంద థ్రెడ్లు ఒకేసారి వచ్చాయనుకోండి. మొదటి థ్రెడ్ ఫంక్షన్ నడుపుతుంటే మిగతా తొంభై తొమ్మిదీ ఆగుతాయి. విలువ దొరికితే అందరూ దాన్నే పంచుకుని వెళ్లిపోతారు. నల్ వస్తే పంచుకోవడానికి ఏమీ లేదు. కాబట్టి రెండో థ్రెడ్ తన వంతుకు తాను డేటాబేస్‌ను అడుగుతుంది, తర్వాత మూడోది, ఇలా ఒకరి వెనక ఒకరు. ఒక్కో క్వెరీకి 20 మిల్లీసెకన్లు పడితే, క్యూలో చివరివాడు 2 సెకన్లు నిలబడాలి. కాష్ లేకపోతే వందమందీ పక్కపక్కనే అడిగి అంతకన్నా ముందే బయటపడేవారు. భారం తగ్గించడానికి పెట్టుకున్నది రేషన్ షాపు క్యూలా తయారవుతుంది.

కాష్ లైబ్రరీలు కూడా తలో దారి పట్టాయి. గ్వావా అనే జావా లైబ్రరీలో లోడర్ (కాష్‌లో లేని విలువను తెచ్చిపెట్టే ఫంక్షన్) నల్ ఇవ్వకూడదు, ఇస్తే ఎక్సెప్షన్ వస్తుంది. దాని తర్వాత వచ్చిన కఫీన్ నల్‌ను మౌనంగా తీసుకుని అడిగినవాడికి నల్ ఇస్తుంది, కానీ దాచుకోదు. గ్వావా నుంచి కఫీన్‌కు మారేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి. ఒకప్పుడు గట్టిగా అరిచిన తప్పు ఇప్పుడు నిశ్శబ్దంగా డేటాబేస్‌ను కొడుతుంటుంది. నా ఓటు మాత్రం గ్వావా పద్ధతికే. అరిచే తప్పును అదే రోజు దిద్దుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లో మెమరీకాష్ అనే ఒకే పేరుతో రెండు క్లాసులున్నాయి, రెంటి స్వభావం వేరు. 2010లో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4తో వచ్చిన పాతది నల్ పెట్టనివ్వదు. కొత్తది పెట్టనిస్తుంది. ట్రైగెట్‌వాల్యూతో అడిగితే 'దొరికిందా' అన్నది ఒక జవాబుగా, 'దొరికింది ఇదీ' అన్నది ఇంకో జవాబుగా ఒకేసారి ఇస్తుంది. చేయాల్సిన పద్ధతి అదే. అయితే దాని పక్కనే ఉన్న తేలికైన గెట్‌ను పూర్ణసంఖ్య టైపుతో అడిగితే, కీ లేనప్పుడు సున్నా వస్తుంది. ఆ సున్నాను ఖాతాలో మిగిలిన డబ్బుగానో, గోడౌన్‌లో మిగిలిన సరుకుగానో స్క్రీన్ మీద చూపిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గో భాషలో మ్యాప్‌ను అడిగినప్పుడు విలువతో పాటు 'ఓకే' అనే రెండో జవాబును తీసుకునే అలవాటు భాషలోనే ఉంది. పైథాన్‌లో ఫంక్షన్ ఇచ్చిన జవాబులను గుర్తుంచుకునే ఎల్‌ఆర్‌యూ_కాష్ అనే డెకరేటర్ నన్‌ను (అక్కడ నల్ పేరు అదే) కూడా సరిగ్గా దాచుకుంటుంది. దాని కోడ్ తెరిచి చూస్తే, లోపల ఒక ఖాళీ ఆబ్జెక్ట్‌ను తయారు చేసి, కీ దొరకనప్పుడు అది తిరిగొచ్చేలా డిక్షనరీని అడుగుతుంది. ఆ ఆబ్జెక్ట్ ఇంకెవరి చేతిలోనూ ఉండదు కాబట్టి అది తిరిగొస్తే 'లేదు' అనే అర్థం తప్ప ఇంకోటి రాదు. పీహెచ్‌పీలో మెమ్‌కాష్‌డ్ అనే కాష్ సర్వర్‌ను అడిగితే కీ దొరకనప్పుడు ఫాల్స్ వస్తుంది. మీరు దాచిందీ ఫాల్సే అయితే రిజల్ట్ కోడ్ చూడాల్సిందే. రెడిస్ అనే మరో కాష్ సర్వర్‌లో నల్ అనే విలువే లేదు, కీ లేకపోతే నిల్ వస్తుంది, అంతే. కాబట్టి 'లేదు' అన్నదాన్ని మీరే ఏదో ఒక రూపంలో రాసి పెట్టుకోవాలి.

పైథాన్, జావాస్క్రిప్ట్ రాసేవాళ్లు ఇంకో మెట్టు కింద కూడా జారుతుంటారు. 'విలువ నల్ అయితే' అని కాకుండా 'విలువ లేకపోతే' అన్నట్టు పొట్టిగా రాస్తారు. అప్పుడు సున్నా, ఖాళీ మాట, ఫాల్స్ అన్నీ, పైథాన్‌లో అయితే ఖాళీ లిస్టు కూడా, మిస్ (కాష్‌లో దొరకలేదు) కింద జమ అవుతాయి. 'ఈ వీధిలో డెలివరీ బాయ్స్ సున్నా మంది' అన్న నిఖార్సయిన జవాబు కూడా ప్రతిసారీ మళ్లీ లెక్క కట్టించుకుంటుంది.

పరిష్కారం మనసులో స్పష్టంగా ఉండాలి: కాష్ మూడు రకాలుగా మాట్లాడగలగాలి. 'ఉంది, ఇదిగో.' 'లేదు, నేను చూశాను.' 'నాకింకా తెలియదు.' మూడో మాటకు నల్‌ను వాడుకుంటే, రెండో మాటకు వేరే గుర్తు కావాలి. కూపన్ కోడ్‌ను మేం ఇలా మార్చాం:

లేదు_గుర్తు = కొత్త ఆబ్జెక్ట్

దొరికింది = కాష్.గెట్(కస్టమర్_ఐడీ)
దొరికింది అదే లేదు_గుర్తు అయితే: నల్ తిరిగి ఇవ్వు
దొరికింది నల్ కాకపోతే: దొరికింది తిరిగి ఇవ్వు
కూపన్ = డేటాబేస్.వెతుకు(కస్టమర్_ఐడీ)
కూపన్ నల్ అయితే: కాష్.పుట్(కస్టమర్_ఐడీ, లేదు_గుర్తు)
కాకపోతే: కాష్.పుట్(కస్టమర్_ఐడీ, కూపన్)
కూపన్ తిరిగి ఇవ్వు

గెట్‌ను ఒక్కసారే అడిగాం, రెండుసార్లు అడగలేదు. డగ్ లీ చెప్పిన ఇబ్బంది ఇక్కడ రాదు. జావాలో ఇదే పనిని ఆప్షనల్‌తో చేయవచ్చు. కాష్‌లో కూపన్ బదులు 'కూపన్ ఉన్న లేదా ఖాళీ అయిన పెట్టె'ను దాచుకోవడం. అప్పుడు పెట్టె లేకపోవడం వేరు, పెట్టె ఖాళీగా ఉండడం వేరు. టైపు చూడగానే చదివేవాడికి విషయం తెలుస్తుంది కాబట్టి కొత్త కోడ్ రాస్తుంటే నాకు ఆప్షనలే నచ్చుతుంది.

జావాలో స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకు ఈ పని చాలావరకు తెర వెనక జరిగిపోతుంది. కఫీన్ నల్ దాచుకోకపోయినా, స్ప్రింగ్ దాని ముందు నిలబడి నల్ బదులు నల్‌వాల్యూ అనే తన సొంత గుర్తును పెడుతుంది, బయటికి ఇచ్చేటప్పుడు మళ్లీ నల్‌గా మారుస్తుంది. డిఫాల్ట్‌గా ఇది ఆన్‌లోనే ఉంటుంది. కానీ ఎక్కడో చూసి 'ఫలితం నల్ అయితే దాచవద్దు' అన్న షరతును, 'ఈ ఫంక్షన్ జవాబును దాచు' అని చెప్పే కాషబుల్ పక్కన తెచ్చి అతికించే అలవాటు చాలా టీముల్లో ఉంది. ఆ ఒక్క షరతుతో మనం మొదలుపెట్టిన చోటికే వచ్చేస్తాం. కొన్నిసార్లు ఆ షరతు అవసరమే. ఎందుకు పెట్టారో తెలిసి పెట్టాలి.

గుర్తును ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త. మెమరీలో ఉన్నంతసేపు కొత్త ఆబ్జెక్ట్ చాలు, 'అదేనా' అని పోల్చి చూడవచ్చు. కానీ కాష్‌ను డిస్క్ మీదకో, ఇంకో సర్వర్‌కో పంపితే ఆ ఆబ్జెక్ట్ సీరియలైజ్ అయి (బైట్ల వరసగా మారి), తిరిగొచ్చేసరికి రూపం అదే అయినా వేరే ఆబ్జెక్ట్ అవుతుంది. పోలిక తప్పుతుంది. స్ప్రింగ్ నల్‌వాల్యూలో తిరిగొచ్చినప్పుడు పాత ఆబ్జెక్ట్‌నే ఇచ్చే ఏర్పాటు ప్రత్యేకంగా రాసి ఉంది, ఇందుకోసమే. మరి కొందరు తేలికని 'నల్' అన్న నాలుగు ఇంగ్లిష్ అక్షరాలనే మాటగా దాస్తారు. అది నిజమైన డేటాతో ఢీకొన్న రోజు తెలుస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకాయన తన కారుకు సరిగ్గా ఆ నాలుగు అక్షరాల నంబర్ ప్లేటు తీసుకున్నారు. నంబరు రాయకుండా వదిలేసిన ఎవరెవరివో ట్రాఫిక్ జరిమానాలు ఆయన పేరు మీదకు వచ్చి పడ్డాయి, మొత్తం 12 వేల డాలర్లు దాటాయి. 2019లో ఆయనే ఒక సెక్యూరిటీ సదస్సులో ఈ సంగతి చెప్పారు. డేటాలో ఎప్పటికీ రాలేని గుర్తునే ఎంచుకోవాలి.

గుర్తు పెట్టాం, డేటాబేస్ ఊపిరి పీల్చుకుంది. వారం తిరక్కుండానే ఇంకో ఫిర్యాదు వచ్చింది. ఆర్డర్ ఆలస్యమైందని కోపంగా ఉన్న ఒక కస్టమర్‌కు కాల్ సెంటర్ అమ్మాయి ఫోన్‌లోనే ఒక కూపన్ ఇచ్చింది. 'ఇప్పుడు చూడండి సర్, వచ్చి ఉంటుంది' అంది. ఆయన చూశారు. రాలేదు. మళ్లీ చూశారు, రాలేదు. అబద్ధం చెబుతున్నారని ఆమె మీద మండిపడ్డారు. ఆమె స్క్రీన్ మీద కూపన్ కనిపిస్తూనే ఉంది. ఆయన చెకౌట్ పేజీలో మాత్రం, ఫోన్ చేయడానికి ముందు మేం దాచుకున్న 'లేదు' కూర్చుని ఉంది. దాన్ని గంట పాటు ఉంచమని మేమే చెప్పాం.

'ఉంది' పాతబడటం, 'లేదు' పాతబడటం ఒకటి కావు. కూపన్ వివరాలు పది నిమిషాలు పాతవైతే చాలాసార్లు ఎవరూ గమనించరు. ఇప్పుడే సృష్టించిన దాన్ని 'లేదు' అంటే మాత్రం వెంటనే గమనిస్తారు. ఎందుకంటే సృష్టించిన మనిషి ఆ క్షణంలోనే దానికోసం చూస్తుంటాడు.

ఈ విషయాన్ని ఇంటర్నెట్ పునాదుల్లో పనిచేసినవాళ్లు ఎప్పుడో తల బద్దలు కొట్టుకుని తేల్చారు. వెబ్‌సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ నిండా కాష్‌లే. 1998 మార్చిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2308 అనే పత్రం 'లేదు' అనే జవాబును ఎలా దాచాలో వివరిస్తుంది. నాకు అందులో బాగా నచ్చేది 'లేదు'ను విడదీసిన తీరు. అసలు ఆ పేరే లేదు అన్నది ఒకటి. పేరు ఉంది, కానీ మీరడిగిన రకం రికార్డు లేదు అన్నది రెండోది. ఊళ్లో ఆ ఇల్లే లేదనడానికీ, ఇల్లుంది గానీ ఫోన్ లేదనడానికీ ఉన్నంత తేడా. 'లేదు' ఎంతసేపు నమ్మాలో చెప్పే గడువును కూడా ఆ పేరు యజమానే తన రికార్డులో రాసి పంపుతాడు. ఒకటి నుంచి మూడు గంటల గడువు బాగా పనిచేసిందని, ఒక రోజు దాటిస్తే ఇబ్బందులు వచ్చాయని ఆ పత్రంలోనే ఉంది. కొత్త వెబ్‌సైట్‌కు పేరు కొని, సెట్టింగులు పూర్తికాకముందే ఆత్రంగా బ్రౌజర్‌లో కొట్టి చూసినవాళ్లకు ఇది అనుభవమే. ఆ తొందరపాటుతో వచ్చిన 'లేదు' దారిలోని కాష్‌లో ఇరుక్కుని, అంతా సిద్ధమయ్యాక కూడా కాసేపు సైట్ తెరుచుకోదు. జావా తన లోపలి డీఎన్ఎస్ కాష్‌లో దొరకని పేర్లను డిఫాల్ట్‌గా 10 సెకన్లే గుర్తుంచుకుంటుంది.

మేం రెండు పనులు చేశాం. 'లేదు'కు గడువు ముప్పై సెకన్లకు తగ్గించాం. మా కాష్‌లో ఒక్కో ఎంట్రీకి విడివిడిగా గడువు పెట్టే వీలుంది, కాబట్టి 'ఉంది'ని మాత్రం పది నిమిషాలు ఉంచాం. రెండోది, కూపన్ సృష్టించే చోట డేటాబేస్‌లో రాయగానే ఆ కస్టమర్ కీని కాష్‌లోంచి తీసేసే లైను చేర్చాం. రెండోది ఉంటే మొదటిది ఎందుకని టీమ్‌లో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న సబబే. జవాబు కోసం గడియారం చూస్తూ నడవాలి.

ఏడు గంటల సున్నా సెకన్లకు చెకౌట్ పేజీ కాష్‌ను అడిగింది, తెలియదంది. వెంటనే డేటాబేస్‌ను అడిగింది, అక్కడ 'లేదు' అని వచ్చింది. ఆ జవాబు ఇంకా దారిలో ఉంది. సరిగ్గా అప్పుడే కాల్ సెంటర్ నుంచి కూపన్ డేటాబేస్‌లో పడింది, కాష్‌లోంచి ఆ కీని తీసేసే లైను కూడా నడిచింది. తీసేయడానికి అక్కడ ఏమీ లేదు. ఆ తర్వాత, దారిలో ఉన్న పాత 'లేదు' తీరిగ్గా వచ్చి కాష్‌లో కూర్చుంది. ఇక దాన్ని తీసేవాళ్లు లేరు, గడువు తీరేదాకా అది అక్కడే. తీసేసే లైను ఎంత పక్కాగా రాసినా ఈ సందు మిగులుతుంది. గంట గడువైతే గంట ఇబ్బంది, ముప్పై సెకన్లయితే ముప్పై సెకన్ల ఇబ్బంది. అందుకే రెండూ కావాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఆలస్యాలు, అనవసర శ్రమ. ఇక అసలు నష్టం చేసేది ఇంకోటుంది. దీని విషయంలో నాకు రాజీ లేదు. డేటాబేస్ టైమౌట్ అయింది, కనెక్షన్ తెగింది, పాస్‌వర్డ్ మారింది. వెతికే ఫంక్షన్ రాసినవాడు ఎక్సెప్షన్‌ను పట్టుకుని, లాగ్‌లో ఒక లైను రాసి, నల్ తిరిగి ఇస్తాడు. పేజీ పగలకూడదన్న మంచి ఉద్దేశమే. కాష్ లేని రోజుల్లో అది ఒక్క రిక్వెస్ట్‌తో పోయేది. ఇప్పుడు ఆ నల్‌ను కాష్ 'లేదు, నేను చూశాను' అని నమ్మి దాచుకుంటుంది. రెండు నిమిషాల డేటాబేస్ ఇబ్బంది, గడువు తీరేదాకా వేలమందికి 'మీకు కూపన్ లేదు' అన్న అబద్ధం అవుతుంది. కూపన్ కాబట్టి సరిపోయింది. అదే కోడ్ ఒక రోగికి ఏ మందు పడదో చెప్పే టేబుల్ ముందు ఉంటే? 'ఏ అలర్జీలూ లేవు' అన్న జవాబు వెనక ఉన్నది 'అడిగితే ఎవరూ పలకలేదు' అయితే?

కాబట్టి కాష్‌కు నాలుగో మాట కూడా రావాలి: 'అడిగాను, పలకలేదు.' దీన్ని నల్‌గా మార్చకూడదు, ఎక్సెప్షన్‌గానే పైకి పోనివ్వాలి. కింద పడిపోయిన డేటాబేస్‌ను ఆగకుండా తట్టకూడదనుకుంటే, ఆ వైఫల్యాన్ని వైఫల్యంగానే, వేరే గుర్తుతో, కొద్ది సెకన్లు దాచుకోవచ్చు. డీఎన్ఎస్ పత్రం ఇక్కడా దారి చూపింది. సర్వర్ పలకకపోవడాన్ని దాచుకోవచ్చు గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఐదు నిమిషాలు దాటకూడదంది.

'లేదు'లను దాచడం మొదలుపెట్టాక మెమరీ సంగతి కూడా చూసుకోవాలి. ఉన్నవాటికి ఒక లెక్క ఉంటుంది, లేనివాటికి ఉండదు. ఎవరైనా కావాలని లేని ఐడీలను వరసగా కొడుతూ పోతే ప్రతిదానికీ ఒక 'లేదు' చేరి, చోటు చాలక నిజమైన కూపన్లు బయటికి నెట్టబడతాయి. మేం 'లేదు'ల కోసం చిన్న పరిమాణంతో విడిగా ఒక కాష్ పెట్టాం. నింపితే అదే నిండుతుంది, పక్కది చెక్కుచెదరదు. అంతకన్నా ముందు, అడిగిన కీ రూపం సరిగా ఉందో లేదో చూడడం చాలా చవక. పిన్‌కోడ్ అయితే ఆరు అంకెలుండాలి, మొదటిది సున్నా కాకూడదు. ఆ పరీక్షలో పోయేవాటికి కాషూ అక్కర్లేదు, డేటాబేసూ అక్కర్లేదు.

కీలు కోట్లలో ఉంటే బ్లూమ్ ఫిల్టర్ పనికొస్తుంది. 1970లో బర్టన్ బ్లూమ్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. 'కచ్చితంగా లేదు' లేదా 'ఉండవచ్చు' అని రెండే మాటలు చెబుతుంది, మొదటి మాట ఎప్పుడూ తప్పదు. వందకు ఒకసారి అనవసరంగా 'ఉండవచ్చు' అన్నా ఫర్వాలేదనుకుంటే ఒక్కో కీకి పది బిట్లు కూడా అక్కర్లేదు, కోటి కీలకు 12 ఎంబీ చాలు. కాకపోతే కొత్త కీ పుట్టినప్పుడల్లా ఫిల్టర్‌కు చెప్పి తీరాలి. మర్చిపోతే, ఉన్నదాన్ని లేదని అది పూర్తి నమ్మకంతో చెబుతుంది. మామూలు బ్లూమ్ ఫిల్టర్‌లోంచి కీలను తీసేయడం కూడా కుదరదు. మా కూపన్లకు అంత అవసరం పడలేదు.

డాష్‌బోర్డ్‌లో హిట్, మిస్ అని రెండు గీతలే ఉండేవి. వాటిని నాలుగు చేశాం: ఉంది, లేదు, తెలియదు, పలకలేదు. సాయంత్రం ఏడింటికి చూస్తే 'లేదు' గీత మిగతావాటికన్నా ఎంతో పైన నడుస్తుంటుంది. మేం కాష్ పెట్టింది నిజానికి ఆ గీత కోసమే.

టెస్టుల ఫైల్‌లో మూడు చేరాయి. మొదటిది: ఎప్పుడూ నల్ ఇచ్చే ఒక నకిలీ డేటాబేస్‌ను పెట్టి, ఒకే కస్టమర్ కోసం రెండుసార్లు అడిగి, అది ఒక్కసారే నడిచిందని లెక్కపెట్టడం. రెండోది: 'లేదు' దాచుకున్నాక కూపన్ సృష్టించి, వెంటనే అడిగితే కూపన్ రావడం. మూడోది: నకిలీ డేటాబేస్ మొదటిసారి టైమౌట్ విసిరి, రెండోసారి కూపన్ ఇస్తుంది. మొదటి పిలుపులో ఎక్సెప్షన్ బయటికి రావాలి, రెండో పిలుపులో కూపన్ రావాలి. పాత కోడ్ మీద నడిపితే మూడింటిలో మొదటిదీ మూడోదీ ఫెయిలయ్యాయి.